ఒకే రక్తం, మూడు ల్యాబ్‌లు, మూడు అంకెలు

ప్రశ్న: ఒకే రక్త నమూనాను మలేరియా పీసీఆర్ (పరాన్నజీవి డీఎన్ఏని వెతికే పరీక్ష) కోసం మూడు ల్యాబ్‌లకు పంపితే మూడు వేర్వేరు అంకెలు వచ్చాయి. ఎవరిని నమ్మాలి?

జవాబు: ముగ్గురూ తమ లెక్కలో కరెక్టే కావచ్చు, చిక్కంతా అక్కడే ఉంది. డీఎన్ఏ తీసే కిట్ ఒక్కోచోట ఒక్కోటి, వెతికే జన్యువూ ఒకటే కాకపోవచ్చు. చాలామంది వాడే 18ఎస్ అనే జన్యువు ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవిలో ఒకటి కాదు, 5 నుంచి 8 దాకా ప్రతులుంటాయి, పైగా విభజన దశలో ఒక్క పరాన్నజీవిలోనే పదికి పైగా కేంద్రకాలుంటాయి కాబట్టి డీఎన్ఏ ప్రతుల లెక్కను పరాన్నజీవుల లెక్క అనుకుంటే బోల్తా పడ్డట్టే.

ఎవరి తూకంరాయి వాళ్లదైతే ఇంతే మరి! అందుకే 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫాల్సిపారం డీఎన్ఏకి తొలి అంతర్జాతీయ ప్రమాణాన్ని ఖాయం చేసింది. మలేరియా రోగి రక్తాన్నే మంచులా గడ్డకట్టించి ఆరబెట్టి (ఫ్రీజ్ డ్రై) చిన్న సీసాల్లో పెట్టారు, బ్రిటన్‌లో ఇలాంటి ప్రమాణాలు తయారుచేసే ఎన్ఐబీఎస్‌సీ సంస్థ నుంచి వస్తుంది. దాని కొలత ఇంటర్నేషనల్ యూనిట్.

సీసాలోది కరిగించి, పదో వంతు చొప్పున పలచన చేస్తూ మీ పద్ధతిలోనే నడపండి. పరీక్ష సరిగ్గా ఉంటే ఒక్కో మెట్టుకీ సీటీ విలువ (సిగ్నల్ కనపడటానికి పట్టే పీసీఆర్ చక్రాల సంఖ్య) సుమారు 3.3 పెరుగుతుంది. ఏ మెట్టు దగ్గర సిగ్నల్ మాయమవుతుందో మీ పరీక్ష చూపు ఇంచుమించు అక్కడిదాకానే, దాన్ని పదేపదే నడిపి తేల్చుకోవాలి.

రోజూ దీన్నే వాడేయకండి, సరుకు తక్కువ. దీనితో సరిపోల్చిన సొంత కంట్రోల్ (రోజూ పరీక్షతో పాటు నడిపే, విలువ తెలిసిన నమూనా) తయారు చేసుకోండి. వైవాక్స్ అనే మరో మలేరియా పరాన్నజీవికి మాత్రం ఈ కొలత పనికిరాదు.