కేంద్ర మంత్రి ఉత్తరంతో భూ పరిహారం పెరుగుతుందా?

ప్రశ్న: మాలూరు తాలూకాలో మా నాన్నగారి పేరిట ఉన్న ఎకరం పన్నెండు గుంటల మామిడితోట బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కింద పోయింది. పరిహారం చాలదని మధ్యవర్తి విచారణకి, అంటే ఆర్బిట్రేషన్‌కి వెళ్తే నామమాత్రంగా పెంచారు. ఆ దిగులుతో నాన్నగారు మంచం పట్టారు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిగారికి మొర పెట్టుకున్నాం. 'పరిశీలించి తగిన చర్య తీసుకోండి' అని ఆయన కార్యాలయం కింది అధికారులకు రాసిన ఉత్తరం నకలు జూన్‌లో వచ్చింది. ఆర్బిట్రేషన్ అవార్డు (మధ్యవర్తి తీర్పు) మాత్రం 2026 ఏప్రిల్ 9నే అందింది. మంత్రిగారి తుది ఆదేశం వచ్చేదాకా ఆగమంటారా? ఢిల్లీలో తెలిసినాయన ఒకరు పరిహారంలో అయిదు శాతం ఇస్తే సంతకం చేయిస్తానంటున్నారు.
– ఒక పాఠకుడు, కృష్ణరాజపురం, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరంలో నాకు కావలసింది ఒక్కటే, ఏప్రిల్ 9. మీ కేసు బతకడం, పోవడం ఆ తేదీ మీదే ఉంది.

ఆర్బిట్రేటర్ అవార్డు రద్దు చేయమని అడగాలంటే 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద కోర్టుకు వెళ్ళాలి. సంతకం చేసిన అవార్డు నకలు కక్షిదారుకు అందిన నాటి నుంచి మూడు నెలలు గడువు. అంటే జూలై 9. తగిన కారణం చూపితే కోర్టు మరో 30 రోజులు మన్నించగలదు, ఆపైన ఒక్క రోజు కూడా కుదరదు. మిగతా కేసుల్లో ఆలస్యాన్ని మాఫీ చేయించే లిమిటేషన్ చట్టం (కేసుల గడువుల చట్టం) సెక్షన్ 5 ఇక్కడ పనికిరాదని సుప్రీంకోర్టు 2001లోనే పాపులర్ కన్‌స్ట్రక్షన్ కేసులో తేల్చేసింది. ఆ 30 రోజులు ఆగస్టు 8తో ముగుస్తాయి. అది రెండో శనివారం, కోర్టుకు సెలవు. సోమవారం వేద్దాంలే అనుకునేరు! మూడు నెలల గడువు సెలవు రోజున ముగిస్తే మరుసటి పనిదినం ఇస్తారు గానీ, ఈ అదనపు 30 రోజులకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి మీకు లెక్క జూలై 9 ఒక్కటే. మంత్రిగారి జవాబు కోసం ఆగామంటే కోర్టు దాన్ని తగిన కారణంగా ఒప్పుకుంటుందని నమ్ముకోవద్దు. చట్టంలో లేని అర్జీలు ఎన్ని పెట్టుకున్నా గడువు పెరగదని 1989లో ఎస్.ఎస్. రాథోర్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది.

మంత్రి తలుచుకుంటే ఏదైనా అవుతుందన్న నమ్మకం మన వాళ్ళలో బలంగా ఉంది, అదే మిమ్మల్ని ముంచుతోంది. 1947 తొలి మంత్రివర్గంలో రైల్వే, రవాణా శాఖలు జాన్ మత్తాయ్ చేతిలో ఉండేవి. 1952 నుంచి లాల్ బహదూర్ శాస్త్రి చూశారు. ఆయన హయాంలోనే 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. అదే ఏడాది అరియలూరు రైలు ప్రమాదానికి బాధ్యత వహించి ఆయన రాజీనామా చేశారు. మంత్రి బాధ్యత అంటే అది, పార్లమెంటుకు జవాబు చెప్పడం. మీ గుంట ధర కట్టడం ఆ బాధ్యతలో లేదు. ఆ రహదారుల చట్టంలో 1997 సవరణతో వచ్చిన సెక్షన్ 3జి ప్రకారం పరిహారం తేల్చేది భూసేకరణ అధికారి. ఒప్పుకోకపోతే కేంద్రం ఆర్బిట్రేటర్‌ని నియమిస్తుంది. ధర విషయంలో కేంద్రం పాత్ర అంతటితో సరి. ఆ తర్వాత తమిళనాడు నుంచి టి.ఆర్. బాలు, మన కర్ణాటక నుంచి ఆస్కార్ ఫెర్నాండెజ్ ఈ శాఖ చూశారు. వాళ్ళకైనా అవార్డు మీద ఒక్క రూపాయి పెంచే అధికారం లేదు.

పోనీ మంత్రి ఫైలు మీదే మీకు అనుకూలంగా రాశారనుకుందాం. అది రాజ్యాంగం 77వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి పేరిట ఉత్తర్వుగా వెలువడి మీకు అందాలి. అందనిది ఉత్తర్వే కాదని 1962లో బచ్చిత్తర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ చేతిలో ఉన్నది అదీ కాదు, అర్జీని కిందికి పంపిన కాగితం.

ఇక ఆ ఢిల్లీ మనిషి. ఆయనకు ఒక్క పైసా ఇవ్వకండి. అధికారాన్ని ప్రభావితం చేస్తానని డబ్బు తీసుకున్నవాడే కాదు, లంచంగా ఇచ్చినవాడూ 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద నేరస్థుడే. ఏడేళ్ళ దాకా జైలు. తోట పోయింది చాలు, మంచాన ఉన్న తండ్రికి కొడుకు జైలు కబురు కూడా చేరనివ్వకండి.

అవార్డు చదివారా? చదివినట్టు లేదు. లెక్కల తప్పులు దిద్దించుకోవడానికి ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 33 కింద 30 రోజులుండేవి, వాటిని చేజేతులా పోగొట్టుకున్నారు. ఇప్పుడైనా కూర్చుని చదవండి. 2015 నుంచి జాతీయ రహదారుల భూములకూ 2013 భూసేకరణ చట్టం లెక్కే. మార్కెట్ విలువ 3ఏ నోటిఫికేషన్ (భూమి తీసుకోబోతున్నామన్న ప్రకటన) తేదీన ఎంత, దానికి ముందు మూడేళ్ళ రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం తీసుకున్నారా, పల్లె భూమికి విలువను పెంచే గుణకం వేశారా, నూరు శాతం సొలేషియం (బలవంతంగా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము), ఏటా 12 శాతం అదనం కలిపారా, మామిడి చెట్లకు విడిగా కట్టారా చూడండి. పక్క సర్వే నంబర్ల సేల్‌డీడ్‌లు ఆర్బిట్రేటర్ ముందు పెట్టి ఉంటే, వాటిని కారణం చెప్పకుండా తోసేశారా అన్నది మీ బలం. పెట్టకపోతే ఇప్పుడు కొత్తగా పెట్టడం చాలా కష్టం, ఎందుకంటే సెక్షన్ 34 అప్పీలు కాదు. కోర్టు సాధారణంగా అవార్డును రద్దు చేస్తుందే గానీ అంకె పెంచదు. 2025లో అయిదుగురు న్యాయమూర్తుల తీర్పు సవరించడానికి కొంత దారి తెరిచింది, అదీ స్పష్టంగా కనిపించే తప్పుల వంటి కొద్ది సందర్భాలకే.

అవార్డు వచ్చిన కవరు పారేయకండి, స్పీడ్ పోస్టు ట్రాకింగ్ కాగితం తీసి పెట్టుకోండి. కవరు ఎవరు సంతకం చేసి తీసుకున్నారో రాసి పెట్టుకోండి. భూమి నాన్నగారిది కాబట్టి పిటిషన్ ఆయన పేరనే పడాలి. ఈ వారంలోనే వకాలత్ (లాయరుకిచ్చే అధికారపత్రం) మీద ఆయన సంతకం తీసుకోండి. ఆర్బిట్రేషన్ కోలారులో జరిగి ఉంటే అక్కడి జిల్లా కోర్టులోనే వేయాలి. ఇప్పటికే జమ అయిన సొమ్మును అభ్యంతరంతో తీసుకుంటున్నామని రాసి తీసుకోవచ్చు, దానివల్ల హక్కు పోదు. మంత్రిగారికి రాయాలనుకుంటే మిగిలిన పొలానికి దారి, పశువులకు అండర్‌పాస్ అడగండి. అవి ఆయన శాఖ చేయగలిగినవి. కానీ ముందు పిటిషన్ నంబరు చేతికి రానివ్వండి.