కాలనీ పార్కు కోసం సంఘం పెట్టే ముందు: కర్నూలు నుంచి ఒక సమాధానం

మీరు అడిగింది ఇది: కర్నూలు శివారులోని మీ కాలనీ లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలం ముళ్ళకంపలతో నిండిపోయింది. ఒక మూల ఎవరో రేకుల షెడ్డు వేశారు. పదిమంది కలిసి సంఘం పెట్టి, విరాళాలతో పార్కు కట్టాలనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కర్నూలులోనే ఇలాంటి ఒక చిన్న సంఘానికి నేను కార్యదర్శిని. విరాళాలు ఇప్పుడే వసూలు చేయవద్దని గట్టిగా చెబుతాను. రాజ్యాంగ 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు పురపాలక సంస్థల పనుల జాబితాలో పేరు పెట్టి ఉన్నాయి. మనం కట్టే పన్నులో అవీ భాగమే. మీ డబ్బుతో ఒక ఏడాది మొక్కలు నాటి, నీళ్ళ ట్యాంకరుకు చందాలు వేసుకుని అలసిపోయిన తర్వాత ఆ స్థలం మళ్ళీ కంపలపాలవుతుంది. అధికారుల చేత ఆ పని చేయించడానికే సంఘం కావాలి.

ముందు కాగితాలు. మన రాష్ట్ర లేఅవుట్ నిబంధనల ప్రకారం మొత్తం స్థలంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లతో పాటు దాన్ని కూడా రిజిస్టరు చేసిన గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. కాబట్టి ఆమోదించిన లేఅవుట్ నక్షా, ఆ గిఫ్ట్ డీడ్ నకలు, రెండూ సమాచార హక్కు చట్టం కింద అడగండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. మాకు ఒక కార్యాలయం నుంచి ఫైలు దొరకడం లేదని జవాబు వచ్చింది. మొదటి అప్పీలు వేశాక దొరికింది. ఆ జవాబు చూసి వెనక్కి తగ్గకండి.

అంతటితో ఆగకుండా సర్వే నంబరు మీద ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం చూపే పత్రం) కూడా తీయించండి. మేము ఏళ్ళుగా పార్కు అనుకుంటున్న స్థలంలో ఒక ముక్క ఈసీలో వేరొకరి పేరున ప్లాటుగా కనబడింది. ఆ ప్లాటు కొన్న ఆయన మీద అందరికీ కోపం వచ్చింది, కానీ ఆయనా మోసపోయిన మనిషే. నక్షా చూపించి మాట్లాడితే అర్థం చేసుకుని, తనకు అమ్మినవాళ్ళ మీదే ఫిర్యాదు చేశారు. ఇలాంటివి ముందుముందు జరగకుండా, మీ పార్కు సర్వే నంబరును రిజిస్ట్రేషన్ శాఖ వారి 22-ఎ నిషేధిత జాబితాలో (అమ్మకాలు రిజిస్టరు చేయకూడని స్థలాల జాబితా) చేర్పించమని నగరపాలక కమిషనరుకు అర్జీ పెట్టండి. ప్రహరీ గోడ కన్నా ముందు ఈ పని జరగాలని నా అభిప్రాయం.

కోర్టు దాకా పోవాల్సి వస్తే మనకు హక్కు ఉందా అని మీలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఉంది. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే ఆ ప్రాంతవాసులు కోర్టుకు వెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని చెప్పింది, ప్రశ్నించే హక్కు అక్కడి నివాసులకు ఉందనీ చెప్పింది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్, ముద్దప్ప కేసుగా న్యాయవాదులందరికీ అది తెలుసు.

సంఘం రిజిస్ట్రేషన్ సులభమే. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు, జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో పని అవుతుంది. ఆశయాల్లో పార్కుల, నడక దారుల పరిరక్షణ అని స్పష్టంగా రాయండి. అర్జీలు పెట్టే అధికారం, కేసు వేసే అధికారం ఎవరిదో కూడా నియమావళిలోనే రాసుకోండి. రాజకీయ పదవుల్లో ఉన్నవారిని కార్యవర్గంలోకి తీసుకోకండి. వాళ్ళ సాయం బయటి నుంచి అడగవచ్చు.

ఇక పార్కు ఎలా ఉండాలన్నది. దీని మీద మా దగ్గర చాలా వాదనలు జరిగాయి, జరగడమే మంచిదైంది. మొదటి సమావేశాలకు ఉదయం నడకకు వెళ్ళే పదవీ విరమణ చేసిన పెద్దలే వచ్చారు. వాళ్ళు బెంచీలు, చుట్టూ నడక బాట అడిగారు, క్రికెట్ వద్దన్నారు. ఆడవాళ్ళకు వీలయ్యే వేళకు సమావేశం మార్చాక అసలు సంగతులు బయటపడ్డాయి: ఆరు దాటితే దీపాలు లేవు, మరుగుదొడ్డి లేదు, గేటు పక్కనే మందు తాగేవాళ్ళు కూర్చుంటారు. ఆ ఇళ్ళ పిల్లలకు ఆడుకోవడానికి వీధి తప్ప చోటు లేదు. మా అర్జీలో దీపాలు మొదటి వరుసలోకి వచ్చాయి, పిల్లలకు ఒక మూల మట్టి మైదానం మిగిలింది. మీరు కూడా గీత గీసే ముందు అందరినీ అడగండి. పక్కనున్న పేదల వాడను మాత్రం మరచిపోవద్దు. ఇరుకు ఇళ్ళలో ఉండేవాళ్ళకే పార్కు అవసరం ఎక్కువ.

మన ఎండలు తెలిసినవే కదా. పచ్చిక తివాచీలు, ఫౌంటెన్లు అడగకండి, వాటికి పోసే నీళ్ళు మనకు లేవు. కానుగ, వేప, నేరేడు, రావి అడగండి. బాటకు సిమెంటు టైల్స్ వేస్తే మే నెలలో సాయంత్రం ఏడింటికి కూడా సెగ కొడతాయి. గ్రావెల్ పరిచి రోలరుతో గట్టిపరిచిన మట్టిబాట మోకాళ్ళకూ మంచిది, వాన నీరూ ఇంకుతుంది. ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరపు పద్దులు ముందే తయారవుతాయి కాబట్టి అర్జీ నవంబరులోనే చేరేలా చూడండి.

సంఘం నిలదొక్కుకున్నాక పెద్ద కోరిక ఒకటి పెట్టుకోండి, మాకూ అదే ఉంది: కేసీ (కర్నూలు-కడప) కెనాల్ గట్టు. 1860లలో ఆ కాలువను సాగునీటితో పాటు పడవల రవాణాకూ తవ్వారు. హంద్రీ నది మీదుగా అక్విడక్టుపై (కాలువ నీటిని మోసే వంతెన) సాగుతూ ఊరి మధ్య నుంచే పోతోంది. ఆ గట్టు మీద నీడ, దీపాలు, నీటి వైపు రక్షణ కంచె ఉంటే ఊరంతటికీ నడక దారి అవుతుంది. అయితే కాలువ నగరపాలక సంస్థ చేతిలో లేదు, జలవనరుల శాఖది. రెండు చోట్లా అర్జీలు నడపాలి. ఓపిక కావాలి, కానీ అడిగి తీరాల్సిన విషయం.

మీ రేకుల షెడ్డు సంగతి మాత్రం సంఘం రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆపకండి. ఈ వారమే తేదీ కనబడేలా ఫొటోలు తీసి, పదిమంది సంతకాలతో కమిషనరుకు రాయండి, సోమవారం కలెక్టరేట్‌లోనూ అర్జీ ఇవ్వండి. రెండు చోట్లా అందినట్టు ముద్ర వేయించుకుని ఒక ప్రతి దగ్గర ఉంచుకోండి. రేకులు తీయించడం తేలిక, వాటి కింద ఇటుక గోడ లేచి కరెంటు మీటరు వచ్చిందంటే ఏళ్ళు పడుతుంది.