తల్లి చెప్పని ఆకలిని కొలిచేదెలా?

ప్రశ్న: నేను అనంతపురం జిల్లాలో అంగన్‌వాడీ కార్యకర్తను. సర్వేకు వచ్చినవారు తిండికి ఇబ్బంది ఉందా అని అడిగితే, ఆ పూట పొయ్యి వెలిగించని తల్లి కూడా ‘మాకేం తక్కువ, తిన్నాంలే’ అంటుంది. ఇలాంటి జవాబులతో చేసే పరిశోధనలను నమ్మవచ్చునా? పసితనంలో తిండి చాలక గిడసబారిన బిడ్డ తరువాత కోలుకుంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ తల్లి మాటలో ఉన్నది అబద్ధం కాదు, అభిమానం. అందుకే ఆహార అభద్రతను అధ్యయనం చేసేవారు ‘పస్తులున్నారా’ అని ఒక్కమాటలో అడిగి ఊరుకోరు. తిండి సరిపోదేమోనని దిగులు పడ్డారా అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, ఇష్టంలేనిదే తినవలసి వచ్చిందా, ముద్ద తగ్గించుకున్నారా, పూట మానేశారా అంటూ మెట్టు మెట్టుగా వెళ్లి, చివరికి రోజంతా తినకుండా గడిపారా అనే దాకా వస్తారు. పస్తును ఒప్పుకోని తల్లి దిగులును ఒప్పుకుంటుంది. అయినా మాట ఒక్కటే చాలదు కనుక బిడ్డ ఎత్తును, బరువును కూడా కొలుస్తారు. రెండేళ్లలోపు బిడ్డను కొలబల్ల మీద పడుకోబెట్టి, ఒకరు తల పట్టుకోగా మరొకరు మోకాళ్లు మెల్లగా అదిమి చూసే ఆ పొడవు ఎంత విలువైనదో మీకు వేరే చెప్పనక్కరలేదు. బరువు నెలరోజుల జబ్బుకే తగ్గిపోవచ్చు. వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం మాత్రం చాలాకాలంగా సాగిన లోటుకు గుర్తు.

మీ రెండో ప్రశ్నకు మన నేల మీదనే కొంత సమాధానం దొరికింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను 2002 నుంచి ఏళ్ల తరబడి గమనించింది. ఎంచుకున్న జిల్లాల్లో మీ అనంతపురమూ ఉంది. ఒక్కసారి తీసిన లెక్క ఈనాటి లోటును మాత్రమే చూపుతుంది. అదే పిల్లల దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లినప్పుడే ఆ లోటు నిలిచిందో తీరిందో తెలుస్తుంది, నా దృష్టిలో ఈ అధ్యయనపు అసలు బలం అదే.

ఈ సమాచారంతోనే అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ 2014లో ప్రచురించిన పరిశోధన, పసితనంలో కరువు దెబ్బ తిన్న కుటుంబాల పిల్లలకు బడిలోని మధ్యాహ్న భోజనం ఎదుగుదలలో గణనీయంగా మేలు చేసిందని చూపింది. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన భోజనం పెట్టాలని ఆదేశించిన తరువాత, 2003లో మన రాష్ట్రంలో అమలైన పథకమే ఇది. కాబట్టి గిడసబారిన బిడ్డ గతి అంతేనని వదిలేయడం తప్పు. అలాగని బడి అన్నం వచ్చేదాకా ఆగవచ్చుననుకోవడం అంతకన్నా పెద్ద తప్పు, ఎందుకంటే ఎదుగుదల ఎక్కువగా దెబ్బతినే మొదటి రెండేళ్లలో బిడ్డకు అందుబాటులో ఉండేది బడి కాదు, మీ కేంద్రమే.

ఇకపై ఆ తల్లిని ఇబ్బంది ఉందా అని అడగకండి. ‘నిన్న పొద్దుటి నుంచి పాపకు ఏమేం పెట్టావమ్మా’ అని అడిగి, పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూర అన్న మాటలు ఎన్ని వచ్చాయో ఆ నెల కొలతల పక్కనే రాసి ఉంచండి.