సిడ్నీ ఒపెరా హౌస్‌లో ప్రోగ్రాం అంటే ఎందుకంత క్రేజ్?

సగం కారణం నీళ్లే, మూడు వైపులా హార్బరే కదా. ఒకప్పుడు అక్కడ ట్రామ్ షెడ్డు ఉండేది. 1957 పోటీలో డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జోన్ డిజైన్ గెలిచింది, 1959లో పని మొదలైంది, 70 లక్షల డాలర్లనుకున్న ఖర్చు 10 కోట్లు దాటిపోయి చివరికి 1973లో గానీ తెరుచుకోలేదు. ప్రభుత్వంతో పడక 1966లోనే తప్పుకున్న ఉట్జోన్, పూర్తయిన భవనాన్ని కళ్లారా చూడనేలేదు. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

దూరం నుంచి తెల్లగా కనిపించే ఆ పైకప్పు దగ్గరికెళ్లి చూస్తే పది లక్షలకు పైగా పలకలు, తెల్లవి మెరుస్తాయి, మీగడ రంగువి మెరవవు. లోపల చల్లదనానికీ హార్బర్ నీళ్లే వాడతారు. ఇంటర్వెల్‌లో ఉత్తరం వైపు అద్దాల దగ్గర నిలబడండి, ఎదురుగా నీళ్లే.