చెరువు గట్టు మీది సైన్సు యూనివర్సిటీ దాకా తీసుకువెళ్తుందా?

ప్రశ్న: నేను రాజోలు దగ్గర ఒక పల్లెలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతున్నాను. మా పిల్లల్లో చాలామంది రొయ్యల చెరువుల మీద, కొబ్బరి దింపు మీద, కౌలు చేల మీద బతికే ఇళ్ల నుంచి వస్తారు. పది పాసయ్యాక స్తోమత ఉన్నవారు పిల్లలను విజయవాడ హాస్టళ్లకు పంపుతున్నారు, లేనివారు పనిలో పెడుతున్నారు. చేతిపనికి దగ్గరగా ఉండే సైన్సు చదువులతో ఈ పిల్లలు యూనివర్సిటీ దాకా వెళ్లే దారి ఉందా? బడిలో నేనేం చేయాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, కోనసీమ

జవాబు: ఉంది టీచరుగారూ. ఒకటి కాదు, మూడు నాలుగు ఉన్నాయి. ఆ సంగతి తల్లిదండ్రుల చెవిన పడకపోవడమే అసలు కష్టం.

ముందుగా వారికి ఏళ్ల లెక్క చెప్పండి. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపితే ఆరేళ్లు. పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ల ఇంజినీరింగ్ డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరినా ఆరేళ్లే. ఇంటి పరిస్థితి తలకిందులై మధ్యలో చదువు ఆగినా, డిప్లొమా పూర్తిచేసిన పిల్లవాడి చేతిలో ఉద్యోగానికి పనికొచ్చే పట్టా ఉంటుంది. అందుకే పేదింటి పిల్లలకు నేను ఈ దారినే ముందు చెబుతాను. అయితే లెక్కలు వదిలేస్తే బీటెక్‌లో తడబడతారు, కాబట్టి ఆ సాధన ఆపనివ్వకూడదు.

సాగు మీద మనసున్నవారికి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా అటువంటి డిప్లొమా నడుపుతోంది. వాటి తర్వాత అగ్రిసెట్, హార్టిసెట్ రాసి బీఎస్సీలో చేరవచ్చు. అక్కడ సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ అన్న మాట పిల్లల దగ్గర దాచవద్దు. ఇంటర్‌కే వెళ్తామనేవారు వ్యవసాయ, ఉద్యాన, మత్స్యశాస్త్ర డిగ్రీలకు బైపీసీ కావాలని, వ్యవసాయ ఇంజినీరింగుకు ఎంపీసీ కావాలని చేరేముందే తెలుసుకోవాలి.

ఇక బడి సంగతి. రాత్రివేళ చెరువులో ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఎందుకు తిప్పుతారో మీ తొమ్మిదో తరగతి పిల్లలను అడిగి చూడండి, సగం మంది చేతులెత్తుతారు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలడం వారు కళ్లారా చూసినదే. సూర్యుడు లేని వేళ నీటిలోని నాచు ఆక్సిజన్ ఇవ్వడం మాని తానే పీల్చుకుంటుందని, అది తమ పుస్తకంలోని కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియల పాఠమేనని మాత్రం ఎవరూ వారికి కలిపి చెప్పలేదు. చెరువున్న ఇంటి పిల్లలిద్దరికి ఒక థర్మామీటరు, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ కాగితాలు ఇచ్చి, పది రోజుల పాటు తెల్లవారుజామున, మధ్యాహ్నం మూడింటికి కొలతలు రాయమనండి. పెద్దవారు పక్కన ఉండాలి, కరెంటు తీగల వైపు వెళ్లకూడదు. మధ్యాహ్నం పీహెచ్ పెరుగుతుంది, ఎందుకంటే నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడును వాడేసుకుంటుంది. 30 డిగ్రీల మంచినీటిలో గాలి నుంచి కరిగి నిలిచే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములే, నీరు వేడెక్కేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. తన చెరువు అంకెలతో తానే గ్రాఫు గీసుకున్న పిల్లకు రసాయనశాస్త్రం అంటే భయం ఉండదు. వరి ఇళ్ల పిల్లల చేత మండె కట్టే (మొలకెత్తించే) ముందు విత్తనాలను ఉప్పునీటిలో వేయించి, తాలు గింజలు ఎందుకు తేలాయో చెప్పించండి, సాంద్రత పాఠం అక్కడే అయిపోతుంది.

వీలైతే ఒకసారి చించినాడ వంతెన దాటి మార్టేరు వరి పరిశోధన కేంద్రానికి తీసుకువెళ్లండి. 1982లో విడుదలైన స్వర్ణ రకం అక్కడిదే. ఎంటీయూ 7029 అన్న పేరులోని ఎంటీయూ అంటే మార్టేరేనని తెలిసినప్పుడు, తమ నాన్న వేసే విత్తనం వెనుక ఎంత చదువుందో పిల్లలకు మొదటిసారి కనిపిస్తుంది.

చివరగా రెండు పనులు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఫలితాలకు ముందే తీయించండి, ప్రవేశాల వేళ వాటి కోసమే చాలామంది వెనకబడతారు. డిప్లొమా చేసి కాకినాడ జేఎన్‌టీయూలోనో మరోచోటో చదువుతున్న మీ పాత విద్యార్థి ఒక్కరున్నా పిలిపించి తల్లిదండ్రులతో మాట్లాడించండి. ఆ సమావేశం పనులు ముగిశాక రాత్రి ఏడింటికి పెట్టండి. పగలు పెడితే, ఎవరికి ఈ మాటలు చేరాలో వారు చెరువుల దగ్గరే ఉండిపోతారు.