పోర్ట్ హార్‌కోర్ట్ ఉద్యోగానికి ‘సరే’ అనమంటారా?

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు, మావారికి 41. ఆయన పెట్రోకెమికల్ ప్లాంటులో కంప్రెసర్లు, టర్బైన్లు చూసే మెయింటెనెన్స్ ఇంజినీరు. మాకు పదకొండేళ్ళ పాప. తనకి ఉబ్బసం ఉంది. నైజీరియాలోని పోర్ట్ హార్‌కోర్ట్‌లో పనికి ఒక ఏజెన్సీ ద్వారా ఆఫర్ వచ్చింది. 28 రోజులు అక్కడ, 28 రోజులు ఇంట్లో. జీతం ఇప్పటికి మూడు రెట్లట. నెట్‌లో చూస్తే కిడ్నాపులు, పైప్‌లైన్ పేలుళ్ళు. వద్దంటే ‘నా ఎదుగుదలకి నువ్వే అడ్డం’ అంటున్నారు. రెండేళ్ళ కిందట ఆయనకి రావలసిన ప్రమోషన్ జూనియర్‌కి ఇచ్చారు, అప్పటినుంచీ ఇదే ధోరణి. ‘అక్కడివాళ్ళంతా దొంగలే, కానీ మేం క్యాంపు దాటం, భయమెందుకు? ఇంటి లోను పన్నెండేళ్ళది మూడేళ్ళలో తీర్చేస్తా, ఏడాది తర్వాత మిమ్మల్నీ తీసుకెళ్తా’ అంటారు. మా అత్తగారు అన్నం మానేసి కూర్చున్నారు. నెలాఖరులోగా సంతకం పెట్టాలి. సరే అననా, వద్దననా?

జవాబు: ముందు నా మాట చెప్పేస్తానమ్మా, కారణాలు తర్వాత. ఇప్పుడున్న రూపంలో ఆ ఆఫర్ మీద మీవారు సంతకం పెట్టకూడదు. అలాగని వినకముందే మీరు ‘వద్దు’ అని భీష్మించుకోవడమూ మంచిది కాదు. జీతం ఇచ్చేది ఎవరు, ఊరి పేరు కాక సరిగ్గా పనిచేసే చోటు ఏది, విమానాశ్రయం నుంచి అక్కడికి ఎలా తీసుకెళ్తారు... ఈ మూడింట్లో ఒక్కటీ మీ ఉత్తరంలో లేదు. మీ ఇద్దరికీ తెలియదనే అనుకుంటున్నాను. ఆయన వెళ్ళాలని నిశ్చయించుకుని అడగలేదు, మీరు వెళ్ళనివ్వకూడదని నిశ్చయించుకుని అడగలేదు.

మీ భయంలో పిచ్చితనం ఏమీ లేదు. పోర్ట్ హార్‌కోర్ట్ ఉన్న చమురు ప్రాంతం నైజర్ డెల్టా. అక్కడ మెండ్ అనే సాయుధ సంస్థ 2006 నుంచి విదేశీ ఆయిల్ ఉద్యోగుల్ని ఎత్తుకెళ్ళడం మొదలుపెట్టింది. 2007లో మన దేశస్థులు కూడా ఆ ప్రాంతంలో సాయుధుల చేతికి చిక్కారు. 2009లో అప్పటి అధ్యక్షుడు ఉమారు యారాదువా క్షమాభిక్ష ప్రకటించాక వేలమంది ఆయుధాలు అప్పగించారు. 2016లో ‘నైజర్ డెల్టా అవెంజర్స్’ అని ఇంకో గుంపు లేచింది. వాళ్ళ గురి ఎక్కువగా పైప్‌లైన్ల మీదే. 2019 డిసెంబరులో అదే తీరంలోని బోనీ దగ్గర సముద్రంలో ఒక ట్యాంకరు మీద నుంచి 18 మంది భారతీయ నావికుల్ని పట్టుకుపోయి, అదే నెలలో వదిలిపెట్టారు. 2021 నుంచి అక్కడి సముద్రంలో దోపిడీలు బాగా తగ్గాయి. అంతలో 2025 మార్చిలో రివర్స్ రాష్ట్రంలో ఆరు నెలల అత్యవసర పరిస్థితి విధించారు. ఆ రాష్ట్రానికి రాజధాని పోర్ట్ హార్‌కోర్టే.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, అక్కడి ప్రమాదం ఒకే మోతాదులో ఉండేది కాదు. ఏడాదిని బట్టి మారుతుంది, మనిషి నిలబడే చోటును బట్టి ఇంకా ఎక్కువ మారుతుంది. నడిసముద్రంలో ఉత్పత్తి నౌక మీద పనిచేస్తూ హెలికాప్టర్‌లో వచ్చిపోయే ఇంజినీరు ఉంటాడు. మడ అడవుల వాగుల్లో పడవ మీద ఫ్లో స్టేషన్లకి, అంటే బావుల చమురు పోగుచేసే కేంద్రాలకి, తిరిగేవాడు ఉంటాడు. ఇద్దరి ఆఫర్ లెటర్లలోనూ ‘పోర్ట్ హార్‌కోర్ట్’ అనే రాసి ఉండొచ్చు. ఇప్పుడు కిడ్నాపులకి ఎక్కువగా బలవుతున్నది నైజీరియన్లే, అదీ ప్రయాణాల్లో. డెల్టా మీదుగా పోయే ఈస్ట్-వెస్ట్ రోడ్డుకి ఆ విషయంలో చెడ్డపేరుంది. కాబట్టి ‘మేం క్యాంపు దాటం’ అన్న మాట నాకు ధైర్యం ఇవ్వలేదు. క్యాంపులోకి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా రోడ్డెక్కాల్సిందేగా! ఎస్కార్టు ఉంటుందా, చీకటి పడ్డాక ప్రయాణం చేయిస్తారా, విమానం ఆలస్యమై రాత్రి దిగితే ఎక్కడ ఉంచుతారు అని అడగాలి. అనారోగ్యమో గొడవలో వస్తే దేశం దాటించే ఏర్పాటు ఎవరిది, ఖర్చు ఎవరిది? జవాబులు ఫోన్లో కాదు, కాగితం మీద రావాలి. మన హైకమిషన్ నైజీరియా రాజధాని అబూజాలో ఉంది. పోర్ట్ హార్‌కోర్ట్‌కి అది పక్క వీధి కాదు.

ఇక్కడ ఒక సంగతి. కొన్ని కంపెనీలు చేరే ముందు ‘ప్రూఫ్ ఆఫ్ లైఫ్’ అని ఒక ఫారం నింపిస్తాయి. ఆ మనిషికీ ఇంట్లోవాళ్ళకీ తప్ప ఇంకెవరికీ తెలియని రెండు మూడు ప్రశ్నలు, వాటి జవాబులు అందులో ఉంటాయి. మనిషి అపహరణకి గురైతే, బతికే ఉన్నాడని నిర్ధారించుకోవడానికి అది పనికొస్తుంది. చూడగానే గుండె జారిపోతుంది, నిజమే. కానీ ఆ ఫారం పంపే కంపెనీ నాకు నయమనిపిస్తుంది. ‘అబ్బే, ఏం కాదు సార్’ అనే ఏజెంటు కంటే చాలా నయం.

డబ్బు విషయంలో మీవారిది తొందర. ‘మూడు రెట్లు’ అన్నది నెల జీతమా, రోజుకింత అని ఇచ్చే డే రేటా? డే రేటయితే ఇంట్లో ఉన్న 28 రోజులకి ఇస్తారా? ఇవ్వకపోతే మూడు రెట్లు కాస్తా ఒకటిన్నర రెట్లవుతుంది. జీతం డాలర్లలో బయటి ఖాతాకి వస్తుందా, కొంత అక్కడి కరెన్సీ నైరాల్లో ఇస్తారా? 2023 జూన్‌లో నైజీరియా మారకపు రేటుని మార్కెట్‌కి వదిలేయకముందు డాలరుకి సుమారు 460 నైరాలు ఉండేవి. మరుసటి ఏడాదికి 1,500 దాటాయి. నైరాల్లో జీతం ఒప్పుకున్నవాళ్ళ లెక్కలు ఏమయ్యాయో మీరే ఊహించుకోండి. ఇంకొకటి, సగం ఏడాది ఇండియాలోనే ఉంటారు కనుక రోజులు లెక్కపెట్టుకోవాలి. ఇక్కడ 182 రోజులు నిండితే ఆదాయపు పన్ను దృష్టిలో ఆయన రెసిడెంటే. అక్కడి జీతానికి ఇక్కడ పన్ను లెక్క తేలాలి.

ఆయన నోట ఏ పెద్ద కంపెనీ పేరు వినిపిస్తోందో నాకు తెలియదు. ఏదైనా సరే, జీతం ఇచ్చేది అదేనా అని చూడండి. డెల్టా భూభాగం మీద, తీరం దగ్గరి లోతు తక్కువ సముద్రంలో ఉన్న వ్యాపారాన్ని అంతర్జాతీయ కంపెనీలు వరసగా స్థానిక కంపెనీలకి అమ్ముకున్నాయి. ఇటలీ కంపెనీ ఏని తన అనుబంధ కంపెనీని 2024లో ఒయాండోకి, ఎక్సాన్‌మొబిల్ అదే ఏడాది చివర్లో సెప్లాట్‌కి, షెల్ 2025 మార్చిలో రెనైసాన్స్ బృందానికి ఇచ్చేశాయి. కొన్నవాళ్ళు చెడ్డవాళ్ళని నేననడం లేదు. సైట్ ఒకరిది, కాంట్రాక్టు ఇంకొకరిది, జీతం మూడో వాళ్ళది అయినప్పుడు, రాకూడని కష్టం వస్తే ఫోన్ ఎత్తేది ఎవరు అన్నదే నా ప్రశ్న.

మూడేళ్ళలో లోను తీరుస్తానంటున్నారు. నైజీరియాలో 2010 నాటి స్థానిక భాగస్వామ్య చట్టం ప్రకారం చమురు కంపెనీల యాజమాన్య స్థాయి పోస్టుల్లో విదేశీయులు ఐదు శాతానికి మించకూడదు. విదేశీయుడిని తెచ్చుకోవాలంటే కంపెనీకి ఎక్స్‌పేట్రియేట్ కోటా అనే ప్రభుత్వ అనుమతి ఉండాలి, దానికి గడువుంటుంది. ఆ కుర్చీలోకి రాబోయే నైజీరియన్‌కి ఆయనే పని నేర్పాలి. అంటే తన ఉద్యోగాన్ని తానే ముగించుకునే ఉద్యోగం అది. ఆ దేశం కోణంలో చూస్తే న్యాయమైన ఏర్పాటే. కానీ ఒక ఏడాది కాంట్రాక్టుని చూసి మూడేళ్ళ లెక్కలు వేయకూడదు. సక్రమంగా తీసుకెళ్ళే కంపెనీ ఉద్యోగానికి వచ్చేవాళ్ళకి ఇచ్చే ఎస్‌టీఆర్ వీసా మీద తీసుకెళ్ళి, దిగాక సెర్‌ప్యాక్ అనే నివాస కార్డు ఇప్పిస్తుంది. ‘ముందు బిజినెస్ వీసా మీద వచ్చేయండి, తర్వాత చూద్దాం’ అంటే ఇక మాట్లాడాల్సిందేమీ లేదు, ఫోన్ పెట్టేయమనండి. ఏజెన్సీకి మన విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనిపిస్తుంది. లైసెన్సున్నవాళ్ళు తీసుకోగల గరిష్ఠ ఫీజు 30 వేల రూపాయలు, జీఎస్టీ అదనం. లక్షలు అడిగారంటే మీకు జవాబు దొరికినట్టే.

‘అక్కడివాళ్ళంతా దొంగలే’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. 1956లో డెల్టాలోని ఒలోయిబిరి అనే ఊళ్ళో చమురు పడింది. అప్పటినుంచి ఆ నేల నుంచి వెళ్ళిన సంపద ఎంతో, ఆ ఊళ్ళకి మిగిలింది ఎంతో పోల్చి చూసినవాళ్ళెవరూ ఆ మాట అంత తేలిగ్గా అనలేరు. ఆ డెల్టాలోనే ఉండే ఒగోని జనం తరఫున మాట్లాడిన రచయిత కెన్ సారో-వివాని, ఇంకో ఎనిమిది మందిని 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఉరి తీసింది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒగోని ప్రాంతాన్ని పరీక్షించి, ఒక ఊరి బావి నీళ్ళలో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ అనుమతించిన హద్దుకి 900 రెట్లు పైగా ఉందని తేల్చింది. శుభ్రం చేయడానికి పాతిక ముప్ఫై ఏళ్ళు పడుతుందని చెప్పింది. తాగే నీళ్ళలో నూనె తేలుతున్న ఊరి మీదుగా పైప్‌లైన్ పోతుంటే ఆ ఊరికి కోపం రాదా? ఎత్తుకెళ్ళేవాళ్ళని నేను వెనకేసుకురావడం లేదు. మీవారిని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్ళే డ్రైవరు, పడవ నడిపే మనిషి, గేటు దగ్గర కాపలాదారు, ఆయన పని నేర్పాల్సిన కుర్రాడు, అందరూ ఆ మట్టిలో పుట్టినవాళ్ళే. వాళ్ళని దొంగలనుకుంటూ దిగేవాడికి ‘ఇవాళ ఆ దారి వద్దు సార్’ అని ముందుగా చెప్పేవాడు దొరకడు.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా పడాలి. ఆ కార్డు లేకుండా నైజీరియా నుంచి తిరిగొస్తే ఇక్కడ ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడాలి. ఇంటికొచ్చాక ఏ జ్వరం వచ్చినా, ‘ప్రయాణం బడలిక’ అనుకుని పడుకోనివ్వకండి. అదే రోజు రక్త పరీక్ష చేయించి, నైజీరియా నుంచి వచ్చారని డాక్టరుకి మీరే చెప్పండి. అక్కడి మలేరియా ప్రాణాంతకమైన రకం.

ఇక మీ కాపురం. నెల అక్కడ, నెల ఇక్కడ అంటే సగం కాలం భర్త ఇంట్లోనే ఉంటాడు కదా అనిపిస్తుంది. రొటేషన్ మీద బతికే ఇళ్ళలో జరిగేది కాస్త వేరు. వచ్చిన మొదటి రెండు మూడు రోజులు ఆయన చుట్టంలా ఉంటారు, నిద్రపోతారు. తర్వాత ఇంట్లో తను లేకుండానే అన్నీ జరిగిపోతున్నాయని గమనిస్తారు. పాప హోంవర్కు ఎవరితో చేస్తోంది, గ్యాస్ సిలిండర్ ఎక్కడ పెట్టారు, ఈ పద్ధతి ఎవరు మార్చారు అని సరిదిద్దడం మొదలవుతుంది. నెల రోజులు ఒంటి చేత్తో ఇల్లు నడిపిన మీకు ఒళ్ళు మండుతుంది. మూడో వారానికి ఇద్దరూ సర్దుకుంటారు. నాలుగో వారం ప్రయాణం తలపుకి వచ్చి, చిన్న విషయానికి పెద్ద గొడవ అవుతుంది. నిజానికి అది వెళ్ళిపోతున్న బాధే, గొడవ వేషంలో వస్తుంది. తెలియకపోతే ప్రేమ తగ్గిందనుకుంటారు. వెళ్ళడమే ఖాయమైతే, ఆయన లేనప్పుడు మీరు తీసుకున్న నిర్ణయాన్ని ఆయన వచ్చి తిరగదోడకూడదు అన్న ఒప్పందం ముందే జరగాలి. వచ్చిన మొదటి మూడు రోజుల్లో డబ్బు మాటలు వద్దు. అక్కడ గొడవ జరిగితే ఆయన దాచకూడదు, ఇక్కడ పాపకి బాగాలేకపోతే మీరూ దాచకూడదు. నెట్‌వర్క్ పోయి ఫోన్ రాని రోజులుంటాయి. ఎంతసేపు ఆగాలి, తర్వాత ఏ నంబరుకి చేయాలి అన్నది ఆయన వెళ్ళకముందే మీ దగ్గర రాసి ఉండాలి. బ్యాంకు, బీమా, లోను కాగితాలు కూడా. ఆయన టర్మ్ పాలసీ ఉంటే, నైజీరియాలో పనిచేస్తున్నట్టు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి.

మిమ్మల్ని తీసుకెళ్ళే సంగతి ఇప్పుడు మాట్లాడుకోనక్కర్లేదు. దొంగచాటుగా చమురు కాచే బట్టీల వల్ల పోర్ట్ హార్‌కోర్ట్‌లో నల్లటి మసి రాలడం కొన్నేళ్ళుగా జనం గోల. ఉబ్బసం ఉన్న పిల్లని అక్కడికి తీసుకెళ్తానన్న మాట ఆలోచించి అన్నది కాదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఆ ప్రమోషన్ వాక్యం. మీరు దాన్ని మధ్యలో ఒక ముక్కలా రాసి వదిలేశారు. తన కింద పని నేర్చుకున్న కుర్రాడికి రోజూ రిపోర్టు చేయడం నలభై ఏళ్ళ మనిషికి ఎలా ఉంటుందో ఆయన మీతో ఎప్పుడైనా చెప్పారా? మీరు అడిగారా? మీరు ‘కిడ్నాపులు’ అన్నప్పుడల్లా ఆయనకి ‘నువ్వు ఇక్కడే పడి ఉండు’ అని వినపడుతోందేమో. నేను పొరబడుతూ ఉండొచ్చు. అయినా ఒక పూట నైజీరియా మాటే ఎత్తకుండా ఆ రెండేళ్ళ గురించి అడిగి చూడండి. అక్కడి నుంచి బయటపడటమే ఆయన కోరిక అయితే, ఇంకో ప్లాంటూ ఉంటుంది, ఇంకో దేశమూ ఉంటుంది. అలా కాక ఈ పనే కావాలంటే, ఆ కోరికకి గౌరవం ఇవ్వాల్సిందే. అప్పుడు ఒక్క ఏడాదికి, పైన అడిగినవన్నీ కాగితం మీదికి వచ్చాకే ఒప్పుకోండి.

అత్తగారి చేత అన్నం తినిపించాల్సింది ఆమె కొడుకు. ఆవిడ బాధని మీ తరఫు వాదనగా వాడుకోకండి. అలా వాడుకుంటే ఆయనకి ఇద్దరాడవాళ్ళు ఒక్కటై అడ్డం పడినట్టే ఉంటుంది.

నెలాఖరు గడువు ఏజెన్సీ పెట్టింది. పని ఎక్కడ, జీతం ఎవరు ఎందులో ఇస్తారు, రాకపోకలు ఎలా, వీసా ఏది, అత్యవసరంలో దేశం దాటించేది ఎవరు అని అడుగుతూ, ఇంకో రెండు వారాల గడువు కోరుతూ మెయిల్ పంపమనండి. మనిషి నిజంగా కావాల్సిన కంపెనీ ఆ గడువు ఇస్తుంది. ఆ మెయిల్ మాత్రం ఆయనే రాయాలి, మీరు రాసిపెట్టకండి. వచ్చిన జవాబుని ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి.