సీటు ఊగుతుంటే కారు నడపకండి

విదేశానికి వచ్చిన కొత్తలో మనవాళ్లు కొనే మొదటి కారు దాదాపు పాతదే అయి ఉంటుంది. ఇంజను చూపిస్తాం, బ్రేకులు చూపిస్తాం, టైర్లు తడిమి చూస్తాం. డ్రైవరు సీటు సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. ఈమధ్య ఉద్యోగంలో చేరిన ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చి, "అన్నా, బ్రేకు వేసినప్పుడల్లా సీటు ఒక వేలు మందాన ముందుకు జరిగి టక్‌మంటోంది. ఇంకొన్నాళ్లు ఇలాగే నడుపుకోవచ్చా?" అని అడిగాడు. వద్దే వద్దన్నాను. ఎందుకో మీకూ చెబుతాను.

చేత్తో జరుపుకునే సీటుకు కింది పట్టాల్లో ఒక కొక్కెం ఉంటుంది. అది పళ్లలో పడితే సీటు కదలదు. బటన్ నొక్కితే జరిగే సీటుకు చాలా కార్లలో ఆ కొక్కెం ఉండదు. మోటారు తిప్పే మరచుట్ల ఇనుప కడ్డీ, దానికి ఆనుకుని ఉండే ప్లాస్టిక్ పళ్లచక్రం, ఈ రెండే సీటును జరుపుతాయి. జరగకుండా పట్టి ఉంచేవీ అవే. మోటారు వైపు నుంచి తిప్పితే చక్రం తిరుగుతుంది, సీటు వైపు నుంచి తోస్తే బిగుసుకుంటుంది. ఇలాంటి కడ్డీ, చక్రం జతను వార్మ్ గేరు అంటారు, దాని గుణమే అది. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు మీ బరువును ఆపేది ఆ పళ్లే. పైగా బెల్టు బకిల్ కూడా సీటుకే బిగించి ఉండడం మామూలు. అందుకే సీటు ఊగడాన్ని నేను సౌకర్యం లెక్కలో వేయను, బ్రేకుల లెక్కలో వేస్తాను.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు బటన్ నొక్కి వినండి. శబ్దమే లేకపోతే ఫ్యూజు, స్విచ్, సీటు కింద ఊడిన ప్లగ్గు చూడాలి, గేరు జోలికి పోనక్కర్లేదు. టిక్ అని ఆగిపోతే పట్టాల్లో ఏదో ఇరుక్కుని ఉండొచ్చు. పెన్ను, నాణెం, పిల్లల బొమ్మ ఇలాంటివే దొరుకుతాయి. మోటారు హాయిగా గుయ్‌మని తిరుగుతూ సీటు మాత్రం కదలకపోతే పళ్లు పోయినట్టు, లేదా మోటారు తిప్పుడును గేరుకు చేర్చే కేబుల్ జారినట్టు. సీటు ఒక పక్క కదిలి రెండో పక్క ఆగి వంకరగా తిరిగితే, రెండు పట్టాల్లో ఒకదాని గేరో కేబులో పోయింది. ఈ నాలుగు ముక్కలు చెప్పగలిగితే గ్యారేజీలో మొత్తం సీటు మార్చాలన్న మాట అంత తేలిగ్గా రాదు.

సొంతంగా విప్పాలనుకునేవాళ్లు ఎయిర్‌బ్యాగ్ విషయంలో మాత్రం తొందరపడకండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్, బకిల్ దగ్గర బెల్టును బిగించే చిన్న పేలుడు పరికరం ఉండొచ్చు. వాటి ప్లగ్గులు ఎక్కువగా పసుపు రంగులో ఉంటాయి. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ఆ కారు మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగండి, ఆ తర్వాతే పసుపు ప్లగ్గు ముట్టుకోండి. మీటరు పెట్టి ఆ తీగలను పరీక్షించకండి. సీటు బయట ఉండగా కీ తిప్పకండి, తిప్పితే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి స్కానర్ పెట్టేదాకా ఆరకపోవచ్చు. పాత రేడియో అయితే బ్యాటరీ తీశాక కోడ్ అడగొచ్చు, దాన్ని ముందే రాసి పెట్టుకోండి.

అందరూ ఆగిపోయేది బోల్టుల దగ్గరే. సీటు వెనక్కి జరిపితేనే ముందు బోల్టులు కనిపిస్తాయి, ముందుకు జరిపితేనే వెనక బోల్టులు. జరగని సీటును ఎలా జరపాలి? పళ్లు పూర్తిగా పోకపోతే ఒకరు బటన్ నొక్కుతుంటే ఇంకొకరు వెనక నుంచి సీటును గట్టిగా తోయాలి. మిగిలిన పళ్లు పట్టుకుని కాస్త కాస్త జరుగుతుంది. తోస్తున్నప్పుడు చేతులు పట్టాల దగ్గర ఉండకూడదు. ఇది బ్యాటరీ తీయకముందే చేయాలి. బోల్టులకు నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్టు కావాల్సి రావచ్చు. సరైన సైజు లేకుండా మొదలుపెడితే తల అరిగి అసలు పని కంటే పెద్ద పని అవుతుంది. సీటు బరువుగా ఉంటుంది, కింద అంచులు కోసుకుంటాయి. ఒంటరిగా ఎత్తకండి.

నా మొదటి కారు సీటు గేర్‌బాక్సు, అంటే ఆ పళ్లచక్రం ఉండే చిన్న పెట్టె, విప్పిన రోజు ఇంకా కళ్లముందే ఉంది. గ్రీజు ఎండి మైనంలా గట్టిపడింది. దాని నిండా సుద్దపొడిలాంటి ప్లాస్టిక్ రజను. చక్రంలో ఒక పక్క పళ్లు కొత్తవాటిలా ఉన్నాయి, ఇంకో పక్క వేలుతో రుద్దితే నున్నగా తగిలింది. రోజూ సీటు ఎక్కడ ఉంచుతామో అక్కడి పళ్లే అరుగుతాయి. దాన్ని గమ్ముతో అతికించాలని చూశాను, రెండో రోజుకే ఊడింది. ఆ చక్రాలు ఎక్కువగా నైలాన్‌తోనో ఎసిటాల్ అనే ప్లాస్టిక్‌తోనో చేస్తారు, వాటికి మామూలు గమ్ము సరిగ్గా అంటదు. ఆ ప్రయత్నం మీరు చేయకండి.

కొత్త చక్రం కొనేటప్పుడు పళ్ల సంఖ్య, వ్యాసం, మధ్య రంధ్రం ఎంత చూసుకోవాలో పళ్ల వాలు కూడా అంత చూసుకోవాలి. ఎడమ వాలుదీ కుడి వాలుదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పట్టాలో కూర్చోవు. పాతదాని పక్కన పెట్టి ఫోటో తీసుకోండి. విడి గేరు అమ్మం, మొత్తం పట్టా కొనాల్సిందే అని డీలర్ అనొచ్చు. అప్పుడు పాత కార్ల భాగాలు అమ్మే జంక్ యార్డు మంచి దారే, కానీ అక్కడి గేరు కూడా అంతే వయసుదని మరవకండి. త్రీడీ ప్రింటులో చేయిస్తే పీఎల్‌ఏ అనే మామూలు ప్రింటరు ప్లాస్టిక్ వద్దనండి, అది 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో నిలిపిన కారులో ఆ వేడి దూరం కాదు. ఇత్తడి చక్రాలు గట్టివే. కాకపోతే సీటు ఎక్కడైనా ఇరుక్కుంటే ప్లాస్టిక్ చక్రం తాను విరిగి మోటారును కాపాడుతుంది, ఇత్తడిది విరగదు, భారమంతా మోటారు మీద పడుతుంది. నేనైతే అసలు కంపెనీ వాడిన పదార్థమే వేస్తాను.

కొన్నిసార్లు గేరు బాగానే ఉండి, కేబుల్ లోపలి చదరపు తీగ కొన అరిగి గేర్‌బాక్సులో జారుతుంటుంది. పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగును కొద్దిగా కత్తిరిస్తే తీగ ఇంకాస్త లోపలికి వెళ్లి అరగని చోట పట్టుకుంటుంది. పైసా ఖర్చు లేని పని.

బిగించేటప్పుడు పాత గ్రీజు మొత్తం తుడిచి, ప్లాస్టిక్‌కు హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్న గ్రీజే వాడండి. రెండు పట్టాలూ చివరి నుంచి సరిగ్గా ఒకే దూరంలో ఉన్నాయో స్కేలుతో కొలిచి ఆ తర్వాతే కేబుళ్లు తగిలించండి. ఇక్కడ ఒక పంటి తేడా వచ్చినా సీటు వంకరగా నడుస్తుంది, కొత్త గేరు కూడా త్వరగా పోతుంది. సీటు బోల్టులు మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితోనే బిగించండి, కొన్ని కార్లలో అవి కొత్తవే వేయాలి.

ఆ కుర్రాడి కారుకు మేమిద్దరం కలిసి శనివారం మొత్తం పట్టాం. బ్యాటరీ తగిలించాక సీటును ఒక చివర నుంచి రెండో చివర దాకా మూడుసార్లు నడిపాం. చివర తాకగానే బటన్ వదిలేయమని ప్రతిసారీ చెప్పాను, పట్టుకునే ఉంటే పళ్లు మళ్లీ అక్కడే నలుగుతాయి. తర్వాత ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలంలో రెండుసార్లు గట్టిగా బ్రేకు వేయించాను. టక్ అనలేదు.